అహోబిలంలో నన్ను మోసుకొచ్చిన అన్నలకు

చీలమండకు కట్టుతో మంచం మీద కూర్చుని రాస్తున్నాను. మొన్న ఆదివారం ఉగ్రస్తంభం కొండ నుంచి దిగుతూ పడ్డాను. నన్ను ఎగువ అహోబిలం చేర్చిన వాళ్లకు ఆ చీకట్లో, ఆ నొప్పిలో సరిగ్గా దండం కూడా పెట్టలేదు.

తప్పు నాదే. గైడ్‌ని పెట్టుకోమని టీకొట్టాయన చెప్పినా వినలేదు. ఇదివరకు ఒకసారి వచ్చాం కదా, దారి తెలుసులే అనుకున్నాం. పైగా బయల్దేరేసరికే పదకొండు దాటింది. భవనాశని ఏటి వెంట జ్వాలా నరసింహస్వామి గుడి దాకా జనం ఉంటారు, ఇబ్బంది లేదు. అసలు కష్టం ఆ పైన. రాళ్లూ చెట్ల వేళ్లూ పట్టుకుని పాకాలి. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కాను. దిగేటప్పుడు ఎండుటాకుల కింద కదిలే రాయి మీద కాలు పడింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు, సీసాలో నీళ్లు రెండు గుక్కలు.

వేరే గుంపుతో దిగుతున్న ఒక కుర్ర గైడ్ మమ్మల్ని చూసి ఆగాడు. పాతికేళ్లు కూడా ఉండవు. నేను షూ విప్పబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"విప్పొద్దన్నా. వాచిందంటే మళ్లీ ఎక్కదు, ఎట్ల దిగుతావ్?"

తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, షూ మీదుగానే పాదం కింద నుంచి చీలమండ చుట్టూ ఎనిమిది అంకెలా బిగించాడు. లోపల వేళ్లు ఆడుతున్నాయా అని రెండుసార్లు అడిగాడు. నిలబడొద్దు, కూర్చునే జరగమన్నాడు. అలా చంటిపిల్లాడిలా జరుగుతూ జ్వాలా గుడి దాకా వచ్చాను. ప్యాంటు చిరిగింది, సిగ్గు ఎప్పుడో పోయింది. ఈలోపు అతని గుంపులో ఇద్దరు ముందే దిగి డోలీ వాళ్లకు కబురు చెప్పారు. ఆ ఇద్దరి మొహాలు కూడా నాకు గుర్తు లేవు.

డోలీ అన్నలు అప్పుడే చివరి ట్రిప్పు దించి ఇళ్లకు పోబోతున్నారట. మళ్లీ పైకొచ్చారు. టార్చి వెలుగులో, బండల మీద, ఒక్క కుదుపు లేకుండా దించారు. ఎప్పుడూ తీసుకునే డబ్బులే తీసుకున్నారు. గైడ్ తమ్ముడైతే అదీ వద్దన్నాడు. "నలుగురు మోసుకొచ్చారమ్మా" అని ఫోన్‌లో చెబితే, అపశకునం మాటలేంట్రా అని అమ్మ తిట్టింది.

ఆళ్లగడ్డలో ఎక్స్‌రే తీస్తే ఎముకలో సన్నటి చీలిక. మూడు వారాలు కదలొద్దన్నారు.

తమ్ముడూ, నీ తువ్వాలు నా దగ్గరే ఉండిపోయింది. ఉతికించి పెట్టాను. నడవగలిగిన రోజు తెచ్చిస్తాను.