ఒరేయ్ రాజూ, వెనక టైరు లోపలి అంచు చూడరా

విజయవాడ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు రాయడం ఆలస్యమైంది, కోప్పడకు. ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి మోకాలు నయం, చిన్నదాన్ని కొత్త స్కూల్లో వేశాం, వానలు దంచుతున్నాయి. మిగతావి ఫోన్‌లో. కారు సంగతి మాత్రం ఇప్పుడే వినాలి, నీకు చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ 245 కారు తీసుకున్నానని చెప్పాను కదా, 2020లో మన దేశానికి వచ్చినవి 200 మాత్రమే, అందులో ఒకటి. పాత ఓనరు స్ప్రింగులు మార్చి కారుని కిందికి దించాడు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ 80 దాటితే వెనక నుంచి ఒకటే హోరు. ఇక్కడ పేరున్న ఒక షాపులో బేరింగ్ పోయిందన్నారు. మార్చారు. హోరు అలాగే ఉంది. మళ్ళీ తీసుకెళ్తే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచెయ్యడం) చేసి, "అంతా గ్రీన్‌లోనే ఉంది సార్" అని కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితంలో వెనక చక్రాల గళ్ళు ఖాళీరా! ముందు చక్రాల టై రాడ్లు (చక్రాల్ని పక్కకి తిప్పే కడ్డీలు) మాత్రం సర్ది, స్టీరింగ్ నిటారుగా నిలబెట్టి పంపించేశారు.

తర్వాత అక్కనీ పిల్లల్నీ హైదరాబాద్ తీసుకెళ్తున్నా. సూర్యాపేట దాటాక వాన. లారీని తప్పించి లేన్ మారుతుంటే వెనక భాగం ఒక్కసారి పక్కకి జారింది. దానంతటదే సర్దుకుంది. పిల్లలు నిద్రలో ఉన్నారు. అక్క ఏమీ అనలేదు గానీ, ఆ చూపు... సరే, వదిలెయ్.

తిరిగొచ్చాక ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన ముందు కంప్యూటర్ జోలికే పోలేదు. కారు లిఫ్ట్ ఎక్కించి, అరచెయ్యి వెనక టైరు మీద అడ్డంగా పెట్టాడు. బయట నుంచి లోపలికి తోస్తే నున్నగా ఉంది, లోపల నుంచి బయటికి లాగితే రంపం పళ్ళలా గుచ్చుకుంది. నా చెయ్యి పట్టుకుని నాతోనూ తడిమించాడు. "బాబూ, హోరు దీనిది, బేరింగుది కాదు" అన్నాడు. తర్వాత టార్చి లోపలి అంచు మీద వేశాడు. రాజూ, బయటి అంచున గాడి లోతు 5 మిల్లీమీటర్లు ఉంది, లోపలి అంచున ఉక్కు తీగలు బయటపడ్డాయి! 1.6 మిల్లీమీటర్లకి వస్తేనే టైరు మార్చాలి కదా, ఇక్కడ అసలు రబ్బరే లేదు. కారు నేల మీద ఉంటే ఆ అంచు ఎవరికీ కనపడదు. ఆ టైర్ల మీద అక్కనీ పిల్లల్నీ కూర్చోబెట్టి వానలో నడిపాను. నాకు చేతులు వణికాయి. ఆ షాపు వాళ్ళ మీద వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు.

అంకెలు విను. ఎడమ వెనక చక్రం టో, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగిన కోణం, 35 నిమిషాలు లోపలికి, కుడిది 11. (60 నిమిషాలు ఒక డిగ్రీ.) మొత్తం 46, రెండూ సమానంగా పంచుకున్నా ఒక్కో టైరు కిలోమీటరుకి ఆరున్నర మీటర్లకి పైగా అడ్డంగా ఈడ్చుకుపోతున్నట్టే. ఎడమా కుడీ తేడా వల్ల కారు కాస్త వంకరగా నడుస్తోంది, అందుకే స్టీరింగ్ ఓ పక్కకి ఉండేది. ఆ షాపులో జబ్బు వెనక ఉంటే మందు ముందు వేశారు. అందరూ కాంబర్‌ని, అంటే చక్రం నిలువుగా కాకుండా పక్కకి ఒరిగిన కోణాన్ని, తిడతారు గానీ, నేను మాత్రం టోనే దోషి అంటాను. కాంబర్ బరువుని లోపలి అంచు మీదికి నెడుతుంది, ఆ అంచుని గీకి పారేసేది టో. ఈ కారుకి కాస్త నెగటివ్ కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) ఉండాల్సిందే, మలుపుల్లో ఆ పట్టు దానివల్లే.

వెనక ఎక్సెంట్రిక్ బోల్టులు (తిప్పితే చక్రం కోణం మారేవి) తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. నూనె కొట్టి రాత్రంతా వదిలేశాడు. పొద్దున కొత్త టైర్లు వేసి, గాలి సరిచూసి, మొదట వెనక చక్రాల నెగటివ్ కాంబర్ 2 డిగ్రీల 40 నిమిషాల నుంచి 1 డిగ్రీ 30 నిమిషాలకి తెచ్చాడు, ఆ తర్వాత వెనక టో ఒక్కో పక్క 5 నిమిషాలకి. అది కుదిరాకే ముందు చక్రాలు ముట్టుకున్నాడు. కాంబర్ కదిపితే టో కూడా కదులుతుంది, అందుకని ఈ వరస తప్పకూడదట. ముందు వైపు కాంబర్‌కి కంపెనీ సర్దుబాటు ఇవ్వలేదు, టో ఒక్కటే.

సాయంత్రం గుంటూరు రోడ్డెక్కా. హోరు లేదు! వందలో చెయ్యి వదులుగా పెట్టినా గీత గీసినట్టు పోతోంది. గట్టిగా అరిచానురా, పక్కన నువ్వుండాల్సింది.

నీ కారు కూడా ఒకసారి లిఫ్ట్ ఎక్కించు, వెనక టైర్ల లోపలి అంచు చెయ్యి పెట్టి చూడు. నా మాట విను, ఈ వారమే. షాపు వాడు కాగితం ఇస్తే వెనక గళ్ళు నిండాయో లేదో చూసుకో. ఇంకోటి, 225 మిల్లీమీటర్ల వెడల్పు టైర్ల బదులు 235వి వేద్దామా అని మేస్త్రీ అంటే నేను

చిన్నది లేచి ఏడుస్తోంది. మిగతాది తర్వాత రాస్తా.

నీ
వాసు