కార్యదర్శి వార్షిక నివేదిక: ఈసారి మొక్కలనూ లెక్కపెట్టాం

అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. మన సీతాకోకచిలుకల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ చెప్పను.

ఇన్నేళ్లూ అభయారణ్యంలో మనం చేసింది పొలార్డ్ నడక. అయిదు మీటర్ల వెడల్పున కనిపించిన సీతాకోకచిలుకలను లెక్కపెడుతూ నెమ్మదిగా నడవడమే. బ్రిటన్‌లో 1976 నుంచి ఇలాగే లెక్కలు తీస్తున్నారు, పద్ధతికి వంక పెట్టడానికి లేదు. కానీ మన లెక్కల్లో ప్రతిసారీ లాంటానా అనే విదేశీ కలుపు పొదలున్న దారికే మొదటి స్థానం. పూలమీద వాలినవన్నీ అక్కడే పుట్టాయనుకుని మురిసిపోయాం. తేనెకైతే చాలా పూలు పనికొస్తాయి. గుడ్డు పెట్టాలంటే మాత్రం పిల్ల తినే ఆకే కావాలి. ప్లెయిన్ టైగర్‌కు జిల్లేడు, కామన్ ఎమిగ్రెంట్‌కు రేల, నిమ్మ సీతాకోకచిలుకకు నిమ్మజాతి చెట్లు, మారేడు. లాంటానా దట్టంగా అల్లుకున్నచోట వేరే మొలక పైకి రావడమే కష్టం. అందుకే ఈ ఏడాది సీతాకోకచిలుకల పేర్ల పక్కనే కింద ఉన్న మొక్కల పేర్లూ రాశాం. లాంటానా దారికి మొదటి స్థానం పోయింది. పోతే పోయింది.

సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది ఈశ్వరి తీగ సంగతి. దారి పక్కన ఒక క్రిమ్సన్ రోజ్ ఆడ సీతాకోకచిలుక ఒక్కో ఆకుమీదా వాలి, ముందుకాళ్లతో తట్టి చూసి, నచ్చక లేచిపోతోంది. దాని వెనకే వెళ్లాం. కంచె రాయికి పాకిన తీగ దగ్గర ఆగి, పొట్ట వంచి గుడ్డు పెట్టింది. ఆకు తిప్పి చూస్తే ముదురు రంగు గొంగళిపురుగులు, ఒంటినిండా ఎర్రటి మెత్తని మొనలు. ఆ తీగలోని విషాన్నే ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి పక్షులు వాటి జోలికి రావు. కామన్ మోర్మన్ అనే మరో సీతాకోకచిలుక ఆడవాటిలో కొన్ని క్రిమ్సన్ రోజ్ వేషం వేసేది అందుకే. మరుసటి వారమే దారి శుభ్రం చేసే కూలీలు కత్తులతో వచ్చారు. మన వాళ్లిద్దరు అక్కడే ఉండబట్టి తీగ బతికింది.

కలుపు కొట్టేముందు మాకు ఒక్క మాట చెప్పండని సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. ముట్టినట్టు రసీదులు మాత్రం ఉన్నాయి.

సభ్యుల సంగతీ చెప్పాలి. గ్రూపులో బొటనవేళ్లకు లోటు లేదు, ఆదివారం దారిమీద మాత్రం ఆ ఇద్దరూ, నేనూ. పక్షులు చూసేవాళ్లలా చీకటితో లేవక్కర్లేదు, ఎండెక్కాకే నడక అని చెప్పినా రాకపోతే ఏమనాలి?

మొక్కలు గుర్తుపట్టి ఇచ్చిన రిటైర్డ్ వృక్షశాస్త్రం మాస్టారికి, కెమెరా అరువిచ్చిన సభ్యురాలికి, పాముల భయం లేకుండా ముందు నడిచిన వాచర్‌కు, పట్టికలు టైపు చేసిన పిల్లలకు, వారిని పంపిన తల్లిదండ్రులకు, టీ ఫ్లాస్కు మోసినవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారిగారు చదువుతారు. చందా బాకీదారుల పేర్లు ఈసారికి చదవొద్దన్నాను.

సంఘం భూతద్దం ఎవరి దగ్గరుందో వారు సమావేశం అయ్యేలోగా బల్లమీద పెట్టేయండి. ఎవరని అడగం.

ఇట్లు,
కార్యదర్శి