3.4 జీపీఏ, చేతిలో ప్రొబేషన్ ఉత్తరం

సంపాదకులకు నమస్కారములు.

అమెరికా చదువుల గురించి మీ విద్యా పేజీలో వచ్చే వ్యాసాలను కాలిఫోర్నియాలో ఉంటున్న నేను క్రమం తప్పకుండా చదువుతాను. వీసాలు, ఫీజులు, ప్రవేశ పరీక్షల స్కోర్ల గురించి వాటిలో కావలసినంత సమాచారం ఉంటుంది. అయితే చేరిన తరువాత విద్యార్థిని కాలేజీ ఏ లెక్కతో తూస్తుందో చెప్పే మాట మాత్రం దాదాపుగా కనిపించదు. కమ్యూనిటీ కాలేజీల విషయంలో ఈ లోటు మరీ ఎక్కువ. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ ఇస్తూ, ఆపై విశ్వవిద్యాలయంలో నేరుగా మూడో ఏట చేరడానికి దారి చూపే ఈ కాలేజీలు ఒక్క కాలిఫోర్నియాలోనే 116 ఉన్నాయి. విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా మీద వచ్చిన మన పిల్లలు, ఇక్కడే పెరిగి హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు తీసుకునేవారు, నాలాగా సంసారం ఒక దారికి వచ్చాక మళ్లీ పుస్తకం పట్టిన గృహిణులు, అందరూ వాటిలో కనిపిస్తారు.

నలభై రెండో ఏట అకౌంటింగ్ నేర్చుకుందామని నేను అలాంటి ఒక కాలేజీలో చేరాను. ఇక్కడ ఒక్కో కోర్సు బరువును యూనిట్లలో కొలుస్తారు. మొదటి సెమిస్టర్‌లో 12 యూనిట్లు తీసుకున్నాను: అకౌంటింగ్ 4, స్టాటిస్టిక్స్ 3, ఇంగ్లిష్ 3, కంప్యూటర్ కోర్సు 2. పదో వారంలో నాకు ఆపరేషన్ జరిగింది. నాలుగు కోర్సులూ నెట్టుకురాలేనని తేలిపోయాక, తెలిసినవారంతా ఒకే సలహా ఇచ్చారు: "కష్టమైనవి రెండూ డ్రాప్ చేసెయ్యండి, డబ్ల్యూ పడుతుంది, జీపీఏలో లెక్కకు రాదు, ఏమీ కాదు." డబ్ల్యూ అంటే విత్‌డ్రాయల్, కోర్సును మధ్యలో మానుకున్నట్లు రికార్డులో పడే గుర్తు. జీపీఏ అంటే యూనిట్ల లెక్కన వేసే గ్రేడ్ల సగటు, 4 దాకా ఉంటుంది. అకౌంటింగ్, స్టాటిస్టిక్స్ వదిలేశాను. ఇంగ్లిష్‌లో బి, కంప్యూటర్‌లో ఏ వచ్చాయి. బి అంటే యూనిట్‌కు 3 పాయింట్లు, ఏ అంటే 4 కనుక, 9కి 8 కలిపి 5 యూనిట్లతో భాగిస్తే 3.4 వస్తుంది. ఆ అంకెను ఇంట్లో అందరికీ చూపించి మురిసిపోయాను కూడా.

జనవరిలో కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. నన్ను ప్రోగ్రెస్ ప్రొబేషన్‌లో ఉంచినట్లు అందులో ఉంది. హైదరాబాద్‌లో ఉన్న మా మామగారికి ఫోన్‌లో ఆ మాట చెబితే ఆయన, "ప్రొబేషనా? ఎన్ని నెలలమ్మా, ఆ తరువాత పర్మనెంట్ చేస్తారా?" అని సంతోషంగా అడిగారు. జీవితమంతా ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసిన మనిషికి ఆ మాటకు వేరే అర్థం తట్టకపోవడంలో వింతేమీ లేదు. నిజానికి నాకూ తట్టలేదు. 3.4 ఉన్న విద్యార్థికి హెచ్చరిక ఎందుకు వస్తుందో మా ఇంట్లో ఒక్కరికీ బోధపడలేదు.

కారణం నియమాల్లోనే ఉంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ప్రొబేషన్‌కు, అంటే చదువు గాడి తప్పుతోందన్న హెచ్చరికకు, రెండు దారులున్నాయి. కనీసం 12 యూనిట్లు చదివిన విద్యార్థి మొత్తం జీపీఏ 2.0 కంటే తగ్గితే అది అకడమిక్ ప్రొబేషన్. కనీసం 12 యూనిట్లకు నమోదైన విద్యార్థి రికార్డులో డబ్ల్యూ, ఇన్‌కంప్లీట్ (పని మిగిలిపోయినది), నో పాస్ (ఉత్తీర్ణత కానిది) అన్న గుర్తులు పడిన యూనిట్లు కలిసి మొత్తంలో సగానికి చేరితే అది ప్రోగ్రెస్ ప్రొబేషన్. నేను 12లో 7 వదిలేశాను, అంటే 58 శాతం. జీపీఏ లెక్క వేసేటప్పుడు కంటికి కనిపించని డబ్ల్యూ, ఈ రెండో లెక్కలో ముందు వరుసలో కూర్చుంటుంది. కొన్ని కాలేజీలు ఇప్పుడు ప్రొబేషన్ అన్న మాట కఠినంగా ఉందని నోటీస్ అంటున్నాయి. పేరు మెత్తబడింది గానీ, వరుసగా సెమిస్టర్లు అదే స్థితిలో ఉంటే డిస్మిసల్, అంటే కాలేజీ నుంచి తొలగింపు, దాకా వెళ్లే ప్రమాదం పోలేదు.

అంతటితో అయిపోయిందనుకుంటే, వారం తిరక్కుండా ఫైనాన్షియల్ ఎయిడ్ కార్యాలయం నుంచి మరో ఉత్తరం వచ్చింది. గ్రీన్ కార్డు ఉన్నందువల్ల నాకు పెల్ గ్రాంట్, అంటే ఆర్థిక అవసరం ఉన్న విద్యార్థులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సహాయం, వస్తున్నది. ఫెడరల్ సహాయం పొందేవారి ప్రగతిని ఆ కార్యాలయం వేరుగా, తన పద్ధతిలో లెక్కిస్తుంది. నిర్ణీత యూనిట్లకు ఒకటిన్నర రెట్లు దాటకుండా చదువు పూర్తి కావాలన్నది అక్కడి మూల సూత్రం, అంటే 60 యూనిట్ల డిగ్రీకి నమోదు చేసుకున్నవి 90 దాటకూడదు. అందుకే నమోదు చేసుకున్న వాటిలో దాదాపు 67 శాతం పూర్తి చేస్తూ ఉండాలని కాలేజీలు అడుగుతాయి. నాది 12లో 5, అంటే 42 శాతం కూడా నిండలేదు. ఒక సెమిస్టర్ పాటు హెచ్చరికతో గ్రాంట్ కొనసాగించారు. అప్పటికీ లెక్క సరికాకపోతే కారణాలు రాసి అప్పీలు చేసుకోవాలని చెప్పారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టిన సంగతి ఆ తరువాత తెలిసింది. అనారోగ్యం వంటి తన చేతిలో లేని కారణంతో కోర్సు వదిలిన విద్యార్థి, రుజువులు చూపితే డబ్ల్యూకు బదులు ఈడబ్ల్యూ, అంటే ఎక్స్‌క్యూజ్డ్ విత్‌డ్రాయల్ ఇవ్వడానికి ఈ రాష్ట్ర నియమాల్లో అవకాశం ఉంది. ప్రోగ్రెస్ ప్రొబేషన్ లెక్కలో దాన్ని కలపరు. నేను డ్రాప్ ఫారం నింపిన రోజున కిటికీ దగ్గర కూర్చున్న మనిషి నా చేతి కట్టును చూసి కూడా ఆ ముక్క చెప్పలేదు. ఆసుపత్రి కాగితాలు జతచేసి ఆలస్యంగానైనా అర్జీ పెట్టుకున్నాను, రెండు డబ్ల్యూలూ ఈడబ్ల్యూలుగా మారాయి, ప్రొబేషన్ తొలగింది. ఎయిడ్ కార్యాలయం మాత్రం తన 12లో 5 లెక్కను అలాగే ఉంచింది. ఒకే భవనంలో, ఒకే నడవాలో ఎదురెదురుగా ఉన్న రెండు గదుల్లో నేను ఏకకాలంలో మంచి విద్యార్థినీ, వెనుకబడిన విద్యార్థినీ అయ్యాను.

ఎఫ్-1 వీసా మీద ఉన్నవారికి ఇదే సలహా మరింత ప్రమాదకరం. వారు సాధారణంగా సెమిస్టర్‌కు 12 యూనిట్లు చదువుతూ ఉండాలి. కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) అనుమతి ముందుగా తీసుకోకుండా ఒక్క కోర్సు డ్రాప్ చేసి 9కి దిగినా, జీపీఏ 4.0 ఉన్నా సరే, వీసా హోదాకే ముప్పు వస్తుంది. అడగడం ముందు, డ్రాప్ చేయడం తరువాత. ఈ వరుస తప్పితే సరిచేసుకోవడం చాలా కష్టం.

ఇక తేదీల మాట. కోర్సు మొదలైన తొలి వారాల్లో మానుకుంటే రికార్డులో ఏ గుర్తూ ఉండదు. నాలుగో వారం దాటితే, కొన్ని కాలేజీల్లో అంతకంటే ముందే, డబ్ల్యూ పడుతుంది. సెమిస్టర్‌లో 75 శాతం గడిచాక మామూలుగా అదీ కుదరదు, వచ్చిన గ్రేడే ఖాయం. హైస్కూల్లో చదువుతూ కాలేజీ కోర్సు తీసుకున్న పిల్లలకూ ఈ తేదీలే వర్తిస్తాయి, ఆ గ్రేడు శాశ్వతంగా కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్ (గ్రేడ్ల పట్టీ) మీద ఉంటుంది. తల్లిదండ్రులు ఫోన్ చేసి కనుక్కోవచ్చులే అనుకుంటారు. విద్యార్థుల రికార్డుల గోప్యతను కాపాడే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీ రికార్డు మీద హక్కు పదహారేళ్ల పిల్లదైనా ఆ పిల్లదే. మా అమ్మాయి సంగతి అడగబోయి, "మీ అమ్మాయినే అడగండి" అన్న మర్యాదైన జవాబు విని ఫోన్ పెట్టేశాను.

మీ పేజీకి సంబంధించి ఒక అభ్యంతరం. జీపీఏను 25తో గుణించి శాతంగా చూపే పట్టికలు మన పత్రికల్లోనూ, కన్సల్టెన్సీ ప్రకటనల్లోనూ చూస్తున్నాను. 90 మార్కులు దాటితే ఏ ఇచ్చే కోర్సులు ఇక్కడ చాలా ఉన్నాయి. అన్నిట్లో 91 వచ్చిన విద్యార్థికి 4.0 వస్తుంది, ఆ పట్టిక అతనికి నూటికి నూరు కట్టబెడుతుంది. అంతకంటే పెద్ద లోపం, యూనిట్ల బరువును అది మరిపించడం. నాలుగు యూనిట్ల అకౌంటింగ్‌లో సి, నాలుగు యూనిట్ల లెక్కల్లో డి, మూడు యూనిట్ల ఇంగ్లిష్‌లో బి, ఒక యూనిట్ వ్యాయామంలో ఏ వచ్చిన పిల్లవాడు గ్రేడ్ల సగటు వేసుకుని 2.5 అని నిశ్చింతగా ఉంటాడు. పాయింట్లు కలిపితే 25, యూనిట్లు 12, అసలు జీపీఏ 2.08. ఇంకొక్క చిన్న జారుపాటు చాలు, 2.0 గీత కిందికి పోవడానికి.

కాబట్టి నా మనవి ఇది. ఇకపై కమ్యూనిటీ కాలేజీల గురించి వ్యాసం వేసినప్పుడు ఆ శాతం పట్టికను తీసివేసి, ఆ స్థలంలో ఒక నమూనా ట్రాన్‌స్క్రిప్ట్ ముద్రించండి. డబ్ల్యూలు ఉన్నదే ఎంచుకోండి. దాని కింద జీపీఏ ఎంత, పూర్తి చేసిన శాతం ఎంత, ఏ కార్యాలయం దేన్ని చూస్తుంది అన్న మూడు వరుసలు రాయండి. నాకు వచ్చిన రెండు ఉత్తరాలనూ, పేర్లు చెరిపి, మీ విలేకరికి పంపడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కాలిఫోర్నియా