పాండవుల గుట్ట బొమ్మలపై నీళ్లు చల్లనివ్వకండి

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టకు జనం రావడం మంచిదే. అయితే అక్కడ కొత్త పనులేవైనా తలపెట్టే ముందు గుహల్లోకి వెళ్లే పద్ధతిని ఖరారు చేయాలని ఈ లేఖ.

1990లో వెలుగులోకి వచ్చిన ఈ గుహల్లో రాతి గోడల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు రంగులతో గీసిన ప్రాచీన బొమ్మలున్నాయి. రాతిబొమ్మలకు చేటు అనగానే పేర్లు చెక్కేవాళ్లు గుర్తొస్తారు. సీసాతో నీళ్లు చల్లేవాళ్లు వాళ్లకేమీ తీసిపోరు. తడిస్తే మాసిన రంగు కాసేపు తేటపడి ఫొటో బాగా వస్తుంది. కానీ ఆ నీళ్లు ఇసుకరాయిలోకి ఇంకి, లోపలి లవణాలను కరిగించి, ఆరేటప్పుడు పైకి తెస్తాయి. బొమ్మ మీద తెల్లటి పొర కడుతుంది. లవణం గడ్డకట్టిన చోట రాతి రేణువులు ఊడి, వాటితోపాటు రంగూ రాలుతుంది.

అందుకే బొమ్మల గోడకు మీటరున్నర దూరంలో నడుమెత్తు కర్ర కంచె కావాలి. రాతికి డ్రిల్లింగ్ వద్దు, గుంతలూ తవ్వొద్దు: ఆ మట్టిలో పాత రాతి పనిముట్లు ఉండొచ్చు. బరువు దిమ్మెల మీద నిలబెడితే చాలు. మాసిన బొమ్మల ఫొటోల్లో రంగులను తేల్చి చూపే డీస్ట్రెచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దానితో తీసిన చిత్రాలను గుహ బయట బోర్డు మీద పెడితే నీళ్లు చల్లే పనే ఉండదు. ఖర్చూ తక్కువే.

రెండోది పొగ. వనభోజనాల పొయ్యి పొగ బొమ్మలను మసి చేస్తుంది, పైగా కొండచరియకు పట్టిన పెద్ద తేనెటీగలను లేపుతుంది. ఒకటి కుడితే ఆ ముల్లు నుంచి వచ్చే వాసనకు మిగతావి అదే మనిషి మీద పడతాయి. చేతులు విసరకుండా, తువ్వాలతో ముఖం కప్పుకుని ఆగకుండా దూరం పరుగెత్తాలి. ముళ్లను గోటితోనైనా వెంటనే గీకేయాలి, ఆలస్యమైన కొద్దీ విషం ఎక్కుతుంది. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో తీవ్రమైన అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్ ఎప్పుడూ ఉండేలా వైద్య శాఖతో మాట్లాడండి. తుట్టెలు పట్టిన చరియల్లో, బొమ్మలున్న రాళ్ల మీద క్లైంబింగ్ తాళ్లు కట్టనివ్వొద్దు.

ఇలాంటి రాతి గుట్టల్లో ఎలుగుబంట్లు పగలు గుహల్లో పడుకుంటాయి, పొద్దుగూకాక తిరుగుతాయి. కాబట్టి ప్రవేశం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 దాకానే ఉండాలి. చీకటి గుహ ముందు కాసేపు ఆగి గట్టిగా మాట్లాడి, అడుగుజాడలు, పెంటికలు చూసుకోవాలి. తాజావి కనిపిస్తే వెనక్కి తిరగడమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూల కోసం కిందికి దిగుతాయి గనుక చెట్ల కిందా జాగ్రత్త అవసరం. గబ్బిలాలు పిల్లలతో ఉన్న గుహలను మాత్రం పూర్తిగా మూసేయాలి. బెదిరి లేస్తే పిల్లలు కింద పడిపోతాయి.

జట్టుకు పది మందే, వెంట గైడ్, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఆ నీళ్లు తాగడానికే అని గేటు దగ్గరే చెప్పాలి. మరుగుదొడ్లు కూడా అక్కడే, గుట్ట మీద కాదు.

బొమ్మల సంగతి వారసత్వ శాఖకు తెలుసు, అడవి సంగతి మీ శాఖకు తెలుసు. రెండు శాఖలు కలిసి ఒకే ఉత్తర్వు ఇస్తే తప్ప కంచె ఎవరు వేయాలో తేలదు. గైడ్లుగా రావులపల్లి చుట్టుపక్కల యువకులనే తీసుకోండి. ఏ చరియకు తేనె పట్టిందో ముందు తెలిసేది వాళ్లకే.

ఇట్లు,
గుట్టలు నడిచే హనుమకొండ వాసులం కొందరం