బుడమేరు కబురు వీధి దాకా రావాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు ముంచిన విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు బాగుపడ్డాయి గానీ, వరద వస్తోందని ముందే చెప్పే ఏర్పాటేదీ మా చెల్లెలి వీధిలో నాకు కనబడలేదు. వారం ఉందామని వెళ్లి రెండో రోజే తిరిగొచ్చాను. ముసురు పట్టింది, అంతే! ‘అన్నయ్యా, పిల్లల్ని తీసుకుని బయల్దేరు’ అంటూ బ్యాగు సర్ది చేతికిచ్చింది. వీధంతా అదే టెన్షన్. రంగులు వేయించినా స్విచ్‌బోర్డు పైన నీటి చార మళ్లీ ఉబ్బి కనిపిస్తోంది. ఫ్రిజ్ నడుమెత్తు సిమెంటు దిమ్మ మీదికెక్కింది. వరదొచ్చిన ఆ ఆదివారం లేచేసరికి మంచం కింద నీళ్లున్నాయట. ఇప్పటికీ వాట్సాప్ పుకార్లే వాళ్లకు దిక్కు. (నేను బస్సెక్కాక వాన తెరిపిచ్చింది, అది వేరే సంగతి.) బుడమేరు మీదున్న వెలగలేరు రెగ్యులేటర్ గేట్లు ఎత్తేముందే వార్డు సచివాలయాల నుంచి మైకులో చెప్పించాలి, ఫోన్లకు సందేశం పంపాలి. 2024 నీటిమట్టాన్ని ప్రతి వీధిలో కరెంటు స్తంభంపై గీతగా వేయాలి. అప్పట్లో గండ్లు పడిన బుడమేరు కట్టను ఎంతవరకు బలపరిచారో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర బోర్డు పెట్టి, వానాకాలానికి ముందు ఏటా తాజా వివరాలు రాయాలి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్