పాత యెజ్డీకి చోటు రోడ్డు మీదే

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పాత వాహనాలను తుక్కు కింద పంపించడం గురించి మీ పత్రికలో ఈ మధ్య వచ్చిన కథనాన్ని పూర్తిగా చదివాను. నల్లటి పొగ వదిలే లారీలు, బ్రేకులు పట్టని ఆటోలు రోడ్డెక్కకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. అయితే వయసు మీరిన బండ్లన్నింటినీ ఒకే గాటన కట్టి, ఇక వాటిని ఇనుము ధరకు తూచడమే మిగిలిందన్నట్టు రాసిన తీరు నాకు బాధ కలిగించింది. నా దగ్గర 1979 నాటి యెజ్డీ మోటారు సైకిలు ఉంది. దాన్ని గుడ్డ కప్పి దాచుకోలేదు, హనుమకొండ వీధుల్లో ఇప్పటికీ నడుపుతున్నాను. ఇలాంటి అరుదైన బండ్ల మీద కొందరికి ఇంత మమకారం ఎందుకో, అవి బతకాలంటే నియమాల్లో ఏ మార్పు రావాలో చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పశుసంవర్ధక శాఖలో పశువైద్య సహాయకుడిగా పనిచేసి రిటైరయ్యాను. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ములుగు, వెంకటాపూర్, గోవిందరావుపేట పల్లెల్లోనే గడిచింది. కృత్రిమ గర్భధారణ పనిలో వేళకు ఎంత విలువ ఉందో పాడి రైతులకు తెలుసు. పొద్దున ఎదకు వచ్చిన బర్రె దగ్గరికి సాయంత్రానికి, సాయంత్రం ఎదకు వచ్చిన దాని దగ్గరికి మర్నాడు పొద్దునకు చేరుకోవాలి. ఆ వేళ తప్పితే రైతు మరో 21 రోజులు ఆగాల్సిందే. వీర్యం నింపిన సన్నటి గొట్టాలు, అంటే స్ట్రాలు, సున్నాకు దిగువన 196 డిగ్రీల చలిలో, ద్రవ నత్రజని క్యానులో ఉంటాయి. ఆ క్యానుకు గోనెసంచి చుట్టి, వెనక సీటు మీద తాళ్లతో బిగించి, చెరువు కట్టల మీదుగా, వాగుల్లోంచి తీసుకుపోవాలి. 1986లో ఈ పని కోసమే యెజ్డీని సెకండ్ హ్యాండులో కొన్నాను. తోటి ఉద్యోగుల్లో చాలామంది స్కూటర్లు తీసుకున్నారు, కొందరు మైలేజీ చూసి అప్పుడప్పుడే వచ్చిన హీరో హోండా వైపు మొగ్గారు. నేను యెజ్డీని ఎంచుకోవడానికి కారణం దాని చైను. ఆ బండి చైను ముందు నుంచి వెనక దాకా రేకు కవరులో పూర్తిగా మూసి ఉంటుంది. వానాకాలం నల్లరేగడి బురద అందులోకి చొరబడదు. పనిముట్టుగా కొన్న బండి మీద ప్రేమ ఆ తర్వాత మెల్లగా పెరిగింది.

యెజ్డీ పుట్టుక కథ కూడా తెలుసుకోదగినదే. చెకొస్లొవేకియాలో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఇంజనీరు 1929లో జర్మనీకి చెందిన వాండరర్ కంపెనీ మోటారు సైకిలు తయారీ హక్కులు తీసుకుని, తన పేరులోని తొలి అక్షరాలను (రాతలో Ja), ఆ కంపెనీ పేరులోని తొలి అక్షరాలను (Wa) కలిపి జావా అని పేరు పెట్టాడు. 1960ల ఆరంభంలో మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం మొదలైంది, 1970లలో అక్కడి బండ్లు యెజ్డీ పేరుతో రావడం ప్రారంభమైంది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లు మళ్లీ మార్కెట్లోకి వచ్చాయి. ఇవి నాలుగు స్ట్రోకుల కొత్త ఇంజిన్ల బండ్లు, పాత యెజ్డీది రెండు స్ట్రోకుల ఇంజిన్. బాగున్నాయని నడిపినవారు చెబుతున్నారు, నేనూ కాదనను. కానీ పాత యెజ్డీ గుణాన్ని వాటిలో వెతకడం వాటికీ న్యాయం కాదు.

ఆ గుణం ఏమిటో తెలియాలంటే చలికాలం పొద్దున దాన్ని స్టార్ట్ చేయడం చూడాలి. పాత యెజ్డీకి కిక్కుకూ గేరుకూ ఎడమ పక్కన ఒకటే రాడ్డు. దాన్ని లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్కు అవుతుంది, ఇంజిన్ అందుకున్నాక ముందుకు వాల్చితే గేరు అవుతుంది. మొదట పెట్రోలు కాక్ తిప్పాలి. తర్వాత కార్బురేటర్ మీది చిన్న బొడిపెను వేలితో నొక్కి పట్టుకుని, వేలి కొసకు పెట్రోలు తడి చల్లగా తగలగానే వదిలేయాలి. ఒక క్షణం ఎక్కువైతే ప్లగ్ తడిసిపోతుంది, తక్కువైతే ఇంజిన్ ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. తాళం తిప్పకుండా రెండుసార్లు నెమ్మదిగా కిక్కు తొక్కి, తాళం తిప్పి, మూడోసారి మొత్తం బరువు వేసి తొక్కితే రెండు సైలెన్సర్లలోంచి పలచటి నీలం పొగ వస్తుంది, పట్ పట్ మని ఆగి ఆగి మొదలైన చప్పుడు నాలుగైదు క్షణాల్లో ఒక లయకు వస్తుంది. సిలిండరు ఒకటే అయినా పొగ బయటికి పోయే దారులు రెండు పెట్టారు కాబట్టి ఆ చప్పుడు మరే బండికీ రాదు. ఈ వరుస ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, అదే బండికి వానరోజు ఒకలా, ఎండాకాలం మరోలా ఉంటుంది. నా కొడుకూ కోడలూ బటన్ నొక్కితే స్టార్టయ్యే స్కూటరు వాడతారు, దవాఖానకు పోవాల్సి వస్తే నేనూ దాని మీదే పోతాను. అయితే యెజ్డీ నాకు వినడం నేర్పింది. చప్పుడులో చిన్న తేడా వస్తే అది ప్లగ్ వల్లనో, చైను వదులవడం వల్లనో పది గజాలు పోకముందే తెలుస్తుంది.

ఒక సంఘటన చెబుతాను. ఒక శ్రావణ మాసంలో తాడ్వాయి అడవి దారిలో తిరిగి వస్తుండగా, పస్రా ఇంకా రాకముందే క్లచ్ వైరు తెగింది. చీకటి పడుతోంది, వాన జల్లు మొదలైంది, వెనక నత్రజని క్యాను ఉంది. వేరే బండి అయితే తోసుకుంటూ నడవాల్సిందే. యెజ్డీలో గేరు రాడ్డును కాలితో నొక్కగానే లోపల క్లచ్ తనంతట తానే విడివడే ఏర్పాటు ఉంది. మొదటి గేరులోకి రాడ్డును నొక్కిపెట్టి, ఎక్సలేటర్ కొద్దిగా ఇచ్చి, కాలిని వెన్న మీద నుంచి తీసినంత మెల్లగా తీస్తే బండి కదిలింది. అలా చేతి క్లచ్ లేకుండానే ములుగు చేరాను. ఆ బండిని తయారు చేసినవారు ఇలాంటి రాత్రిని ముందే ఊహించారనిపించి, ఇంటికి వచ్చాక దాన్ని అరుగు పక్కన నిలబెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నా మమకారానికి మొదలు ఎక్కడంటే ఆ రాత్రి అనే చెబుతాను.

ఇలాంటి బండి ఒక్క యజమానిదే కాదు. ఫోన్లు లేని ఆ రోజుల్లో మా పల్లెలకు నా బండి చప్పుడే కబురు. కిందటేడు వెంకటాపూర్ వైపు పోయినప్పుడు ఒక ముసలి రైతు ఆపి, "మీ బండి వాగు అవుతల ఉండంగనే సప్పుడు ఇనవడుతుండె సారూ, మీరు వచ్చేటాళ్లకు బర్రెను కట్టేసి ఉంచుతుంటిమి" అన్నాడు. గూడెప్పాడ్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే నాకు పరిచయం లేని ఒక పెద్దమనిషి వచ్చి, ఏమీ అడగకుండా ట్యాంకు మీద అరచేయి పెట్టి కొంతసేపు అలాగే నిలబడ్డాడు. "మా బావకు ఉండె, ఇదే రంగు. పెండ్లిల పెట్టిన్రు" అని మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. కొత్త బండి ఎంత ఖరీదైనదైనా దాని పక్కన ఇలా ఎవరూ ఆగడం నేను చూడలేదు.

ఇక నన్ను ఎక్కువ కలవరపెట్టే విషయానికి వస్తాను. పోచమ్మమైదాన్ దగ్గర నా బండిని చూసే మేస్త్రీకి డెబ్బై ఏళ్లు దాటాయి. మెకానిక్‌లు ప్లాటినం అని పిలిచే ఇగ్నిషన్ పాయింట్ల (ప్లగ్‌కు నిప్పురవ్వ అందేలా చేసే చిన్న లోహపు ముక్కల) మధ్య సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. ఆయన దాన్ని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడతతో చూస్తాడు. కాగితం బిగువుగా జారితే సరి, ఊరికే జారినా, చిరిగినా మళ్లీ స్క్రూ తిప్పుతాడు. ఒకసారి ఒక దుకాణంలో అసలుదని చెప్పి అమ్మిన పిస్టన్ రింగులు నాసిరకానివని తేలి, పరకాల దారిలో ఇంజిన్ పట్టేసింది. మేస్త్రీ సిలిండరు విప్పి, లోపలి గోడ మీది గీతలను గోటితో తడిమి, మళ్లీ బోరు చేయించాల్సినంత లోతు లేవని చెప్పాడు. ఆయన మాట ప్రకారమే కొత్త రింగులతో బండి నడిచింది. ఆ గోటికి ఉన్న జ్ఞానం ఏ పుస్తకంలోనూ లేదు, ఆయన దగ్గర పని నేర్చుకునే పిల్లలూ ఇప్పుడు లేరు.

ఈ బండ్ల లోపాన్ని దాచి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. రెండు స్ట్రోకుల ఇంజినులో ఆయిల్ పెట్రోలుతో కలిసి మండుతుంది. నేను లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున కలుపుతాను. కొంత మిశ్రమం మండకుండానే బయటికి పోతుంది. పొగకు కారణం అదే, నాలుగు స్ట్రోకుల బండ్లు వీటి స్థానంలోకి రావడం ఊరి గాలికి మంచిదే. అందుకే నేను నెలలో రెండు మూడు ఆదివారాలకు మించి నడపను, సైలెన్సర్ల లోపలి గొట్టాలకు పట్టిన కార్బన్‌ను ఏటా కడిగిస్తాను. చప్పుడు కోసం ఆ లోపలి గొట్టాలను తీసేసి తిరిగే కుర్రవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. అరుదైన బండి మీద గౌరవం ఉన్నవారు దాన్ని తయారైన రూపంలోనే ఉంచాలి.

నియమాల మాట. పదిహేనేళ్లు దాటిన సొంత వాహనానికి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన మోటారు సైకిళ్లకు ఈ రుసుమును 2025లో 2,000 రూపాయలు చేశారు. ఆ డబ్బు కట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఒక కార్యాలయంలో తనిఖీకి పోతే, అక్కడి ఉద్యోగికి ఈ బండి కిక్కు ఎక్కడుందో తెలియక, ఛాసిస్ నంబరు ఎక్కడ చూడాలో తెలియక మూడుసార్లు తిప్పారు. అది ఆ యువకుడి తప్పు కాదు, అతనికి ఎవరూ నేర్పలేదు. కేంద్ర ప్రభుత్వం 2021లో యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నియమాలు తెచ్చింది. అది మంచి పనే. కానీ కొత్తగా నమోదుకు రుసుము 20,000 రూపాయలు. పైగా అలా నమోదైన బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు తప్ప మామూలుగా రోడ్డు మీద నడపకూడదు. మరికొన్నేళ్లలో నా బండికి యాభై నిండుతాయి. దానికి ఆ గౌరవం దక్కాలంటే దాన్ని నడపడం మానుకోవాలి. రెండు స్ట్రోకుల ఇంజిన్ నెలల తరబడి కదలకుండా ఉంటే కార్బురేటర్‌లో పెట్రోలు జిగురుగా మారుతుంది, ఆయిల్ సీళ్లు ఎండిపోతాయి.

జర్మనీలో ముప్పై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు నంబరు చివర హెచ్ అనే అక్షరం ఇచ్చి, రోడ్డు మీద మామూలుగానే నడవనిస్తారు. మన దగ్గరా ముప్పై ఏళ్లకు పైబడిన, మార్పులు చేయని మోటారు సైకిళ్లకు అలాంటి ఒక తరగతి ఉండాలి. వాటికి తగిన కాలుష్య పరీక్ష పెట్టి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టినా ఒప్పుకోవచ్చు. వరంగల్‌లోని ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు ఏడాదికి కొన్ని రోజులైనా ఇలాంటి పాత మేస్త్రీల చేతి కింద పని చూసే అవకాశం కల్పించాలి. రవాణా శాఖ, ఉపాధి శిక్షణ శాఖల అధికారుల దృష్టికి ఈ రెండు విషయాలను మీ పత్రిక తీసుకుపోవాలని కోరుతున్నాను. నేర్చుకోవాలనే విద్యార్థులు ముందుకు వస్తే, మా మేస్త్రీని నేనే ఒప్పిస్తాను. చివరి నట్టు దాకా విప్పి మళ్లీ బిగించడానికి నా యెజ్డీనే ఇస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
రిటైర్డ్ పశువైద్య సహాయకుడు,
హనుమకొండ.