వసంత పూల వేడుక, పెళ్లికూతుళ్ల వేడుక: ఈ ఏటి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

కార్యవర్గం తరఫున ఈ ఏటి నివేదికను మీ ముందుంచుతున్నాను. నెలవారీ సమావేశాలు, సభ్యత్వాల పునరుద్ధరణ, హాలు మరమ్మతులు అనుకున్న ప్రకారమే సాగాయి. వాటి ఖర్చులు కోశాధికారి లెక్కల పత్రంలో ఉన్నాయి కాబట్టి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ నివేదికలో ఎక్కువ భాగం రెండు వేడుకల గురించే. ఒకటి వసంతంలో జరిపిన పూల వేడుక, రెండోది పెళ్లి కుదిరిన మన ఇళ్ల అమ్మాయిల కోసం ఆ తర్వాత జరిపిన వేడుక. ఏడాది మొత్తంలో సభ్యులు ఎక్కువగా చర్చించుకున్నదీ, ఎక్కువమంది చేతులు పడ్డదీ వీటిలోనే.

ముందు పూలు, తర్వాత తేదీ

ఇంతకుముందు ఏ వేడుకకైనా తేదీ, హాలు, రంగు తేల్చుకున్నాకే పూల సంగతి ఎత్తేవాళ్లం. ఈసారి పూల కమిటీ సభ్యులు ఆ వరస మార్చాలని పట్టుబట్టారు. వాళ్ల వాదన నాకు సబబుగా తోచింది. వసంతంలో అన్ని పూలూ ఒకేసారి పూయవు. నార్సిసస్, ట్యులిప్ ముందు వస్తాయి. రనన్‌క్యులస్, ఎనిమోన్ వాటి వెనకే వస్తాయి. పియోనీలు వసంతం చివర్లో కొద్ది వారాలే ఉంటాయి. పియోనీలే కావాలని మనసు పడి వసంతం మొదట్లో తేదీ పెట్టుకుంటే, దూరం నుంచి తెప్పించిన, అలసిపోయిన పూలే దక్కుతాయి. అందుకే ఏ వారంలో ఏవి నిండుగా పూస్తాయో ముందు ఒక కాగితం మీద రాసుకున్నాం. తేదీని దాన్నిబట్టి తేల్చాం.

కుండీల్లో తామే పూయిస్తామని కొందరు సభ్యులు ముందుకొచ్చారు. ట్యులిప్, నార్సిసస్ దుంపలు పూయాలంటే సుమారు 12 నుంచి 16 వారాల చలి తగలాలి. చలి లేని చోట దుంపల్ని ఆ కాలమంతా ఫ్రిజ్‌లో పెట్టాలి. అదే ఫ్రిజ్‌లో పండ్లు ఉండకూడదు, ఎందుకంటే పండ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు దుంప లోపలి మొగ్గను చంపేస్తుంది. అంటే వసంతపు వేడుకకు పని శరదృతువులోనే మొదలవ్వాలన్నమాట. ఆ సభ్యులు అంత ముందునుంచీ ఓపికపట్టి పెంచిన కుండీలే హాలు గుమ్మానికి రెండు వైపులా నిలిచాయి. కోసిన పూల కంటే వాటి దగ్గరే జనం ఎక్కువసేపు ఆగారు.

రంగుల ఎంపికలో ఒక విషయం అందరూ గుర్తుంచుకోవాలి. కమిటీలో చాలామందికి ముదురు ఊదా మీద మనసు పోయింది. ఒక సభ్యురాలు మాత్రం నాలుగు రకాల పూలు తెచ్చి, సాయంత్రం హాలులో పసుప్పచ్చటి బల్బులు వేయించి, బల్లమీద పెట్టి చూపించారు. పగలు కళ్లు చెదరగొట్టిన ఊదా పువ్వు ఆ వెలుతురులో నల్లటి మచ్చలా మిగిలింది. పక్కనే ఉన్న మీగడ రంగు గులాబీ, లేత పసుపు పువ్వు వెలిగిపోయాయి. ఆ తర్వాత చర్చే లేదు. సాయంత్రం వేడుకకు తెలుపు, మీగడ, లేత గులాబీ, లేత పసుపు తీసుకుని, ఊదా, నీలం పూలను పగలు జరిగే పెళ్లికూతుళ్ల వేడుకకు ఉంచాం. పూలు ఏ వేళ ఉపయోగపడతాయో ఆ వేళ, ఆ హాలులోనే పెట్టి చూడటాన్ని ఇకమీదట నియమంగా పాటించాలని కమిటీ కోరుతోంది.

బల్లల మీద పూల ఎత్తు గురించి కూడా కొంత వాదన జరిగింది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకోవాలంటే అలంకరణ 30 సెంటీమీటర్లు దాటకూడదు. లేదంటే సన్నటి కాడ మీద తలకంటే ఎత్తున ఉండాలి. మనం తక్కువ ఎత్తుకే మొగ్గాం. భోజనాల బల్లల దగ్గర ఘాటైన వాసన ఉన్న లిల్లీలను, సంపెంగ జాతి పూలను పెట్టలేదు. వాటిని గుమ్మం దగ్గర, గాలి ఆడే చోట ఉంచాం.

ముందు రోజు పని

వేడుక బాగుందని మెచ్చుకున్నవాళ్లంతా చూసింది అలంకరణను. దాన్ని నిలబెట్టింది మాత్రం ముందు రోజు వెనక గదిలో బకెట్ల దగ్గర జరిగిన పని. ఆ పని చేసినవాళ్లు వేదిక మీద కనిపించలేదు. అందుకే దాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

కోసిన పువ్వుకు కాడ ఒక్కటే ఆధారం. కాడ తెగగానే లోపలి నాళాల్లోకి గాలి బుడగ చేరుతుంది. చిరిగిన స్ట్రాతో తాగినట్టే, నీళ్లలో నిలబెట్టినా పైకి ఎక్కవు. అందుకని తెచ్చిన వెంటనే ప్రతి కాడనూ పదునైన కత్తితో రెండు మూడు సెంటీమీటర్ల మేర ఏటవాలుగా మళ్లీ కోసి, వెంటనే నీళ్లలో పెట్టాలి. మొండి కత్తెర కాడను నలిపేస్తుంది కాబట్టి దాన్ని పక్కన పెట్టించాం. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసేశారు. అవి కుళ్లితే బాక్టీరియా పెరిగి నాళాలను పూడ్చేస్తుంది. బకెట్లను సబ్బుతో, బ్లీచింగ్‌తో తోమి కడిగారు. నీళ్లలో కలిపే పూల మందు పొట్లంలో మూడు పనులు చేసే పదార్థాలుంటాయి. పువ్వుకు ఆహారంగా చక్కెర, నీళ్లు సులువుగా ఎక్కడానికి ఆమ్లం, బాక్టీరియాను అణచే మందు. ఒట్టి చక్కెర వేస్తే బాక్టీరియాకే విందు పెట్టినట్టు అవుతుంది.

నార్సిసస్‌కు విడిగా బకెట్ ఇచ్చాం. కోసిన కాడ నుంచి కారే జిగురు ఇతర పూలను, ముఖ్యంగా ట్యులిప్‌లను, దెబ్బతీస్తుంది. ఒక రాత్రి విడిగా ఉంచాక, కాడ మళ్లీ కొయ్యకుండా మిగతా పూలతో కలపవచ్చు. ట్యులిప్‌ల తీరు ఇంకో రకం. కోశాక కూడా కాడ సెంటీమీటర్ల కొద్దీ పెరుగుతుంది, వెలుతురు వైపు వంగుతుంది. అందుకని వాటిని కాస్త పొట్టిగా అమర్చి, రాత్రి హాలు చీకటిగా ఉంచాం.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది హైడ్రేంజియాల సంగతి. బుట్ట విప్పేసరికి అవి తలలు వాల్చేసి, రేకులు పాత కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి. "అక్కా, ఇవి ఇక పనికిరావు, పారేద్దామా?" అని ఒక అబ్బాయి అడిగాడు. బకెట్ల పని చూస్తున్న సభ్యురాలు ఏమీ అనకుండా పెద్ద తొట్టిలో చల్లటి నీళ్లు నింపించి, కాడలు మళ్లీ కోసి, పూగుత్తులను తలకిందులుగా నీళ్లలో ముంచి వదిలేశారు. గంట దాటాక తీసి చూస్తే రేకులు మళ్లీ బిగిశాయి. హైడ్రేంజియా కాడతోనే కాక రేకులతో కూడా నీళ్లు పీల్చుకుంటుంది. ఎక్కువ రకాలు అలా తేరుకోవు, ఇది తేరుకుంటుంది. ఆ గుత్తులే మరునాడు వేదిక ముందు వరసలో ఉన్నాయి.

చల్లటి గదిలో పెట్టడం అన్ని పూలకూ మేలు చెయ్యదు. గులాబీ, కార్నేషన్, ట్యులిప్ రెండు నుంచి నాలుగు డిగ్రీల్లో హాయిగా ఉంటాయి. ఆంథూరియం, చాలా రకాల ఆర్కిడ్‌లు 10 డిగ్రీల కంటే తక్కువ చలిలో నల్లబడతాయి. వాటిని బయటే నీడలో ఉంచాం. మగ్గిన పండ్ల బుట్టలను ఆ గది ఛాయలకు కూడా రానివ్వలేదు. కార్నేషన్‌లు ఇథిలీన్ తగిలితే ముడుచుకుపోయి మళ్లీ విచ్చుకోవు.

పెళ్లికూతుళ్ల వేడుక

ఈ వేడుకను వేదిక మీద ఉపన్యాసాలతో నింపకుండా, పెళ్లికూతుళ్లూ వాళ్ల స్నేహితురాళ్లూ కలిసి కూర్చుని తలకు పెట్టుకునే పూల కిరీటాలు కట్టుకునేలా ఏర్పాటు చేశాం. నా అభిప్రాయంలో ఈ ఏడాది సంఘం చేసిన మంచి పని ఇదే. పరిచయం లేని రెండు కుటుంబాల వాళ్లు ఒకే తీగ చుట్టను అటూ ఇటూ అందించుకుంటూ మాట్లాడుకోవడం చూశాం.

కిరీటంలో పూలకు నీళ్లు అందవు కాబట్టి ఎంపికే ముఖ్యం. చిన్న గులాబీలు, కార్నేషన్, జిప్సోఫిలా, స్టాటిస్, ఆర్కిడ్ గంటల తరబడి నిలుస్తాయి. హైడ్రేంజియా, స్వీట్ పీ త్వరగా వాడిపోతాయి. తల చుట్టుకొలత తీసుకుని, తీగను దానికంటే కొంచెం పొడవుగా కత్తిరించి, రెండు చివర్లా కొక్కెంలా వంచి రిబ్బన్ కట్టుకునే వీలు ఉంచాలి. పూలన్నీ ఒకే దిశలో, ఒకదాని కాడను తర్వాతి పువ్వు కప్పేలా పూల పనికి వాడే టేపుతో చుట్టాలి. ఆ టేపును సాగదీస్తేనే అంటుకుంటుంది. చాలామంది చేతులకు అలవాటు పడాల్సి వచ్చింది అక్కడే.

తాజా పూలా, గుడ్డ పూలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తన పెళ్లిలో వజ్రాల కిరీటం బదులు నారింజ పూల దండను తలకు పెట్టుకున్నారు. ఆ తర్వాత నారింజ పూల మోజు ఎంత పెరిగిందంటే, తాజావి దొరకని వాళ్లకోసం మైనంతో చేసిన పూలు విరివిగా వచ్చాయి. కాబట్టి చేసిన పూలు పెట్టుకోవడం కొత్తేమీ కాదు. పుప్పొడి పడని ఇద్దరు అమ్మాయిలకు మనమూ గుడ్డ పూలతోనే కిరీటాలు కట్టించాం. మిగతావాళ్ల వాటితో కలిపి చూస్తే తేడా తెలియలేదు.

జాగ్రత్తలు

కేకు మీద, పళ్లేల్లో పెట్టే పూల విషయంలో కమిటీ ఏమాత్రం సడలింపు ఇవ్వలేదు. గన్నేరులోనూ లిల్లీ ఆఫ్ ద వ్యాలీలోనూ గుండెను దెబ్బతీసే విషం ఉంటుంది. నార్సిసస్, హైడ్రేంజియా కూడా తినేవాటిని తాకకూడదు. అలంకరణకు అమ్మే గులాబీ విషపూరితం కాకపోయినా దానిమీద పురుగుమందు ఉండవచ్చు. తినడానికే మందు లేకుండా పెంచిన పూలను మాత్రమే ఆహారం మీద పెట్టనిచ్చాం. పెళ్లికూతురి దుస్తులకు లిల్లీ పుప్పొడి అంటితే తడిగుడ్డతో రుద్దకండి, మరక లోపలికి దిగిపోతుంది. మామూలు అంటుకునే టేపు అద్ది పైకి లాగాలి. మొగ్గ విచ్చుకోగానే పుప్పొడి తిత్తులను తుంచేస్తే ఆ బెడదే ఉండదు. ఇంట్లో పిల్లి ఉన్నవాళ్లకు లిల్లీ బొకేలు ఇవ్వలేదు. రేకు కొరికినా, వాజులోని నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు చెడిపోతాయి.

పచ్చ స్పాంజి తీర్మానం

పూలు గుచ్చే పచ్చ స్పాంజి, అంటే ఫ్లోరల్ ఫోమ్, 1954లో వచ్చింది. సౌకర్యంలో దానికి తిరుగులేదు. కానీ అది ప్లాస్టిక్. వాడాక పొడిపొడిగా రాలి నీళ్లలో కలిసిపోతుంది, మట్టిలో కుళ్లదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన ప్రదర్శనల్లో 2021 నుంచి దాన్ని నిషేధించింది. ఈ ఏడాది మనం కూడా దాన్ని వాడకుండానే రెండు వేడుకలూ జరిపాం. వెడల్పు గిన్నెల్లో కోళ్లజాలీని ఉండలా నలిపి పెట్టి, సన్న కాడలు గుచ్చి నిలబెట్టడానికి మేకుల పీట వాడాం. ఆర్చికి, కాడలు పెట్టే చిన్న నీళ్ల గొట్టాలు కట్టాం. మొదట్లో పని నెమ్మదిగా సాగింది, అభ్యంతరాలు కూడా వచ్చాయి. అయినా పూలు నీళ్లలోనే నిలబడటం వల్ల స్పాంజిలో కంటే ఎక్కువ సేపు తాజాగా ఉన్నాయి. ఇకపై సంఘం వేడుకల్లో ఫోమ్ వాడకూడదన్న తీర్మానాన్ని సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాం. సభ్యులు ఆమోదిస్తారని ఆశిస్తున్నాను.

వేడుక ముగిశాక ఇంకా నిలిచే పూలను చిన్న చిన్న సీసాల్లో సర్ది, రాలేకపోయిన పెద్దల ఇళ్లకు పంపాం. వాడినవి, కాడలు, ఆకులు ఎరువు గుంతకు చేరాయి. జాలీలు, పీటలు కడిగి ఆరబెట్టి బీరువాలో భద్రపరిచాం.

వచ్చే ఏడాది

వసంత వేడుకకు దుంపలు పెంచదలచినవాళ్లు శరదృతువు మొదట్లోనే కమిటీకి పేర్లు ఇవ్వాలి. పెళ్లి కుదిరిన కుటుంబాలు వేడుకకు ఇష్టమైతే పూల పట్టింపులు, అలర్జీల వివరాలు ముందే తెలపండి. ముందు రోజు బకెట్ల దగ్గర పనిచేయడానికి ఈసారి యువ సభ్యులు కూడా కావాలి. నేర్పడానికి అనుభవమున్నవాళ్లు సిద్ధంగా ఉన్నారు. సంఘం వాజులు ఇంకా కొన్ని సభ్యుల ఇళ్లలోనే ఉన్నాయి. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు దయచేసి వెంట తీసుకురండి.

ఇట్లు,
కార్యదర్శి